ఎంఏ మార్కులు ఎవరి చేతుల మీదుగా వస్తాయి?

ఎంఏలో చేరే మన పిల్లలకు సిలబస్ చెప్పేవాళ్లు దొరుకుతారు. మార్కులు ఎట్లా పడతాయో చెప్పేవాళ్లు దొరకరు. ఇంట్లో పీజీ చదివిన అన్నో అక్కో ఉంటే అది మాటల్లోనే తెలిసిపోతుంది. మొదటి తరం విద్యార్థికి మొదటి సెమిస్టర్ మెమో చేతికి వచ్చాక గానీ తెలియదు. అప్పటికే కొన్ని మార్కులు పోయి ఉంటాయి.

ముందు మన ప్రాంతం సంగతి. 2008లో శాతవాహన యూనివర్సిటీ వచ్చేదాకా ఉమ్మడి కరీంనగర్ జిల్లా కాలేజీలు కూడా వరంగల్‌లోని కాకతీయ కిందే ఉండేవి. ఉమ్మడి ఆదిలాబాద్ కాలేజీలు ఇప్పటికీ 1976లో ఏర్పడిన ఆ కాకతీయకే అనుబంధం. ఆదిలాబాద్ పట్నం నుంచి వరంగల్‌కు రెండు వందల యాభై కిలోమీటర్లకు పైనే దూరం. మెమోలో తప్పు దిద్దించుకోవడానికి ఉట్నూరు నుంచో ఆసిఫాబాద్ నుంచో వెళ్లాలంటే రెండు రోజుల కూలి, బస్సు కిరాయి పోయినట్టే. ఈ దూరం కూడా పరీక్షలో భాగమే. కాకపోతే సిలబస్‌లో రాసి ఉండదు.

సీటుకు దారి సీపీగెట్. 2019 నుంచి రాష్ట్ర యూనివర్సిటీలన్నిటికీ కలిపి ఉస్మానియా నిర్వహిస్తున్న ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఇది. వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు. ఎస్టీ రిజర్వేషన్ 2022లో 10 శాతానికి పెరిగింది. ఎస్సీల 15 శాతం 2025 ఏప్రిల్ 14 నుంచి 1, 9, 5 శాతాలుగా మూడు గ్రూపులకు పంపిణీ అవుతోంది. కుల ధ్రువీకరణ పత్రంలో గ్రూపు సరిగా ఉందో లేదో కౌన్సెలింగ్‌కు ముందే చూసుకోండి.

ఇక కోర్సు. తెలుగు, ఇంగ్లిష్, చరిత్ర, సోషియాలజీ, రాజనీతి శాస్త్రం, ఏదైనా రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. సెమిస్టర్‌కు నాలుగైదు పేపర్లు. కొన్ని కోర్, అంటే అందరూ చదవాల్సినవి. కొన్ని ఎలెక్టివ్, అంటే ఎంచుకునేవి. ప్రతి పేపర్‌కూ క్రెడిట్లు ఉంటాయి. వచ్చిన గ్రేడ్ పాయింటును క్రెడిట్లతో గుణించి, అన్నీ కూడి, మొత్తం క్రెడిట్లతో భాగిస్తే ఆ సెమిస్టర్ సగటు వస్తుంది. ఐదు క్రెడిట్ల పేపర్లో 6 పాయింట్లు, రెండు క్రెడిట్ల పేపర్లో 9 పాయింట్లు వస్తే సగటు 7.5 కాదు, 6.86. కాబట్టి ఏ పేపర్ మీద ఎన్ని రాత్రులు కూర్చోవాలో క్రెడిట్లు చూసి తేల్చుకోవాలి.

అసలు విషయం మార్కుల విభజనలో ఉంది. ఒక పేపర్‌కు వంద మార్కులనుకుంటే, అందులో 70 లేదా 80 సెమిస్టర్ చివరి రాత పరీక్షకు, మిగతావి ఇంటర్నల్స్‌కు. ఈ నిష్పత్తి యూనివర్సిటీని, రెగ్యులేషన్‌ను బట్టి మారుతుంది. మీ బ్యాచ్‌ది ఏదో మొదటి వారంలోనే అడిగి రాసుకోండి. రాత పరీక్ష జవాబు పత్రం మీద మీ వివరాలున్న భాగాన్ని తీసేసి, కోడ్ వేసి దిద్దడానికి పంపుతారు. దిద్దేవారికి మీ పేరు తెలియదు, ఊరు తెలియదు. ఇంటర్నల్స్ అట్లా కాదు. టెస్టు, అసైన్‌మెంట్, సెమినార్, అన్నీ మీ ముఖం, పేరు, వాడ తెలిసిన మనిషి వేసే మార్కులే. ప్రాజెక్టు వైవా కూడా అంతే.

ఇరవై మార్కులే కదా అనుకోవద్దు. ఒక లెక్క చూడండి. ఇద్దరు విద్యార్థులు ప్రతి పేపర్లోనూ రాత పరీక్షలో 80కి 40 తెచ్చుకున్నారు. ఒకరికి ఇంటర్నల్స్‌లో 15 చొప్పున, మరొకరికి 8 చొప్పున వేశారు. మొదటివారు 55 శాతంతో, రెండోవారు 48 శాతంతో బయటికి వస్తారు. యూజీసీ నెట్ రాయడానికి ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు ఎంఏలో 50 శాతం ఉండాలి. జనరల్‌కు 55. 49.9 ఉన్నా 50గా లెక్కించరు. పీహెచ్‌డీకి 2022 యూజీసీ నిబంధనల్లోనూ ఇదే 55, ఇదే ఐదు శాతం సడలింపు. అంటే కోడ్ వెనక సమానంగా నిలిచిన ఇద్దరిలో ఒకరు లెక్చరర్ పోస్టుకు, జేఆర్‌ఎఫ్‌కు, పరిశోధనకు అర్హులు. మరొకరు కారు. ఎంఏ పాసైనా సరే.

అందరు అధ్యాపకులూ కులం చూసి మార్కులు వేస్తారని నేననడం లేదు. మన పిల్లలను చేయి పట్టి నడిపించినవాళ్లు ప్రతి డిపార్ట్‌మెంట్‌లోనూ ఉన్నారు. కానీ మనిషి మంచితనం మీద ఆధారపడే పద్ధతిని పద్ధతి అనలేం. జేఎన్‌యూలో అబ్దుల్ నఫే కమిటీ 2016లో పరిశోధన కోర్సుల ప్రవేశాలను పరిశీలించి, రాత పరీక్షకూ వైవాకూ మధ్య సామాజిక వర్గాన్ని బట్టి తేడా కనిపిస్తోందని, వైవా మార్కులు తగ్గించాలని చెప్పింది. పేరున్న యూనివర్సిటీలోనే అట్లా ఉంటే, ముగ్గురు అధ్యాపకులతో నడిచే జిల్లా డిపార్ట్‌మెంట్ గురించి ఊహించుకోవచ్చు.

అందుకే కాగితం జాగ్రత్త. అసైన్‌మెంట్ ఇచ్చేముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఇచ్చిన తేదీ రాసుకోండి. ఇంటర్నల్ మార్కులు యూనివర్సిటీకి వెళ్లకముందే నోటీసు బోర్డు మీద పెట్టాలని క్లాసంతా కలిసి అడగండి. ఒక్కరు అడిగితే గొడవ అంటారు, ముప్పై మంది అడిగితే అది వినతిపత్రం. హాజరు 75 శాతం తగ్గనివ్వొద్దు. హాల్ టికెట్‌కే కాదు, స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కూడా అదే లెక్క. పత్తి ఏరే రోజుల్లో ఇంటికి వెళ్లిపోయి హాజరు పోగొట్టుకునే పిల్లలు మనవాళ్లలోనే ఎక్కువ.

ఎలెక్టివ్, ప్రాజెక్టు దగ్గర మాత్రం కొంత స్వేచ్ఛ మన చేతిలో ఉంటుంది. చాలామంది గైడు ఇచ్చిన పాత అంశాన్నే తీసుకుంటారు. మన వాడలోనే ఎంత ఉంది! డక్కలి వాళ్లు చెప్పే జాంబ పురాణం, చిందు భాగోతం, దండేపల్లి మండలం లింగాపురంలో పుట్టిన గూడ అంజయ్య పాటలు. రికార్డు చేసుకోగలిగింది, అమ్మమ్మను అడిగి రాసుకోగలిగింది లైబ్రరీలో దొరకదు. వైవాలో ఎదుటివారికంటే మనకే ఎక్కువ తెలిసిన అంశం మీద కూర్చోవడం వేరు. ఇంకో మాట, తెలుగు మీడియంలో పరీక్ష రాసే వీలుంటే రాయండి. కానీ భాషా సబ్జెక్టులు మినహా నెట్ ఇంగ్లిష్‌లో లేదా హిందీలోనే ఉంటుంది. కనీసం మీ సబ్జెక్టు పదాలైనా ఇంగ్లిష్‌లో మొదటి ఏడాది నుంచే నేర్చుకోవాలి.

అన్యాయం జరిగిందనిపిస్తే దారులున్నాయి. యూజీసీ 2012 సమానత్వ నిబంధనల ప్రకారం ప్రతి విద్యాసంస్థలో వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. ఆ అధికారి ఎవరో రాతపూర్వకంగా అడగండి. ఎవరూ లేరని జవాబు వస్తే ఆ కాగితం కూడా పనికొస్తుంది. రాత పరీక్ష మార్కుల మీద అనుమానముంటే రీవాల్యుయేషన్ ఒక్కటే మార్గం కాదు. దిద్దిన తన జవాబు పత్రాన్ని చూసే, నకలు పొందే హక్కు విద్యార్థికి సమాచార హక్కు చట్టం కింద ఉందని 2011 ఆగస్టు 9న సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అర్జీకి పది రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. పోస్టులో పంపొచ్చు, వరంగల్ దాకా వెళ్లక్కర్లేదు. అయితే యూనివర్సిటీ జవాబు పత్రాలను భద్రపరిచే గడువు లోపే ఈ హక్కు పనిచేస్తుంది. ఫలితాలు వచ్చిన వారంలోనే అర్జీ పెట్టండి, పోస్టు రసీదు దాచుకోండి.