బేస్‌బాల్ బేరములు: కర్ట్ ఫ్లడ్ ధిక్కారము

అమెరికాలో బేస్‌బాల్ వసంతకాలమున ఆరంభమై శరత్కాలముతో ముగియును. ఆట ముగిసినను ముచ్చట ముగియదు. ఏ జట్టు ఎవరిని వదలుకొనును, ఎవరిని తెచ్చుకొనును అని అభిమానులు చలికాలమంతయు తర్కించుకొందురు. ఈ కబుర్లకు వారు ‘వేడి పొయ్యి లీగు’ అని ముద్దుపేరు పెట్టుకొనిరి. మన రచ్చబండకు అది దూరపు చుట్టమనవచ్చును. అయితే ఆ బేరములలో చేతులు మారు మనిషి సంగతి యేమి? ఆ ప్రశ్ననే మేమిప్పుడు శ్రోతల ముందుంచుచున్నాము.

1879లో నేషనల్ లీగు యజమానులు జట్టుకు అయిదుగురు ఆటగాండ్రను ఇతరులు తీసికొనరాదని తమలో తాము ఒక కట్టుబాటు చేసికొనిరి. క్రమముగా అది ఒప్పందపత్రములకెక్కి అందరికిని వర్తించినది. గడువు తీరినను ఆటగాడు ఆ జట్టువాడే. యజమాని అతనిని అమ్మవచ్చును, మార్చుకొనవచ్చును. ఆటగానికి మిగిలిన దారి ఆట మానుకొనుట యొక్కటే.

సెయింట్ లూయీ కార్డినల్స్ జట్టులో కర్ట్ ఫ్లడ్ పండ్రెండేండ్లు ఆడెను. మైదానపు నడిమి భాగమును కాచుటలో ఆయనకు సాటివారు అరుదు. ఏడుసార్లు బంగారు గ్లవ్ బహుమతి నందెను. 1969 అక్టోబరు 7న ఆయనను మరి ముగ్గురితో కలిపి ఫిలడెల్ఫియాకు మార్చిరి; బదులుగా డిక్ ఆలెన్‌ను, మరి యిద్దరిని తెచ్చుకొనిరి. ఫ్లడ్ పోనన్నాడు. తాను కొని అమ్మదగిన వస్తువును కానని, ఇతర జట్లతో మాటలాడు హక్కు తనకు కావలెనని డిసెంబరు 24న కమిషనరు బోవీ కూన్‌కు లేఖ వ్రాసెను. కూన్ నిరాకరించెను.

ఏటా తొంబదివేల డాలర్లు పొందువానికి ఈ బానిసత్వపు మాటలేల యని పలువురు ఎగతాళి చేసిరి. జీతము ఎక్కువైనంత మాత్రమున బానిస బానిస కాకపోడని ఆ నల్లజాతి క్రీడాకారుని సమాధానము. ఈ వ్యాజ్యముతో ఆట జీవితము ముగియవచ్చునని ఆటగాండ్ర సంఘ నాయకుడు మార్విన్ మిల్లర్ ముందే హెచ్చరించెను. అయినను సంఘము ఖర్చులు భరించినది. జాకీ రాబిన్సన్ వచ్చి సాక్ష్యమిచ్చెను. ఆనాడు ఆడుచున్నవారిలో మాత్రము ఒక్కడును సాక్షిగా రాలేదు. భయము అట్టిది, వారిని నిందింప మాకు నోరు రాదు.

1972 జూన్ 19న సుప్రీంకోర్టు 5–3 తేడాతో ఫ్లడ్‌కు వ్యతిరేకముగా తీర్పిచ్చినది. బేస్‌బాల్ అంతర్రాష్ట్ర వ్యాపారము కాదని 1922లో చెప్పిన మాటయే అడ్డుపడినది. అది అసంగతమని ఒప్పుకొనుచునే, దిద్దవలసినది కాంగ్రెసని న్యాయస్థానము తప్పించుకొన్నది. ఈ తర్కము మాకు మింగుడుపడలేదు. న్యాయమూర్తి బ్లాక్‌మన్ తీర్పు మొదట ఎనుబదిమందికి పైగా పాత ఆటగాండ్ర పేర్లు ఏకరువు పెట్టెను. ఏకీభవించినవారిలోనే యిద్దరు ఆ భాగమున చేరలేదు!

1975 డిసెంబరు 23న మధ్యవర్తి పీటర్ సైట్జ్, మెసర్‌స్మిత్, మెక్‌నాలీ అను ఆటగాండ్ర పక్షమున, ఆ షరతు ఒక్క యేడాదికే చెల్లునని నిర్ణయించెను. బంధము తెగినది. కాని ఫ్లడ్ 1970 అంతయు ఆటకు దూరమై, 1971లో వాషింగ్టన్ పక్షమున పదమూడు ఆటలాడి విరమించి యుండెను. ఆయన 1997లో మరణించెను. ఆయన పేరిట చట్టము 1998లో వచ్చినది.

ఒక్క మాట మరచితిమి. ఫ్లడ్ రాకపోవుటచే ఏర్పడిన లోటునకు కార్డినల్స్ వారు 1970లో విల్లీ మోంటానెజ్ అను యువకుని ఫిలడెల్ఫియాకు పంపిరి. నాటి షరతు ప్రకారము అతని యిష్టము నడుగ నక్కర లేదు.