ఇందూరు కథ, కలకత్తా హాలు

తలకు తల తగిలితే ఇంకోసారి తగిలించుకోవాలి, లేకపోతే కొమ్ములు మొలుస్తాయి. మన ఇళ్లలో పిల్లలు ఎప్పటినుంచో చెప్పుకునే ఈ మాటను 2006లో 'బొమ్మరిల్లు' హాసిని మళ్లీ ఊరూరా ఆడించింది. 2008లో ఆ కథే 'భాలోబాసా భాలోబాసా' పేరుతో బెంగాలీ హాళ్లకెక్కింది. హిరణ్, శ్రావంతి జంట, రవి కినగి దర్శకుడు. అసలు సినిమాకు డబ్బు పెట్టిన దిల్ రాజుది నిజామాబాద్ పక్కనున్న నర్సింగ్‌పల్లి. కొన్నేళ్లపాటు బెంగాలీ బాక్సాఫీసును నిలబెట్టిన సినిమాల్లో తెలుగు నుంచి వెళ్లిన కథలు చాలానే ఉన్నాయి. అయితే ఈ ఇచ్చిపుచ్చుకోవడాల ఖాతా మొదటి పేజీ తిప్పితే అప్పు మన పేరునే కనిపిస్తుంది.

అప్పు మనదే

శరత్‌చంద్ర 'దేవదాసు' నవల 1917లో అచ్చయింది. కలకత్తాలోని న్యూ థియేటర్స్ 1935లో పి.సి. బారువాతో దాన్ని టాకీగా తీసింది. 1953లో వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో వినోదా వారి తెలుగు 'దేవదాసు' వచ్చింది. హీరో నాగేశ్వరరావుకు ఆ పేరు జీవితాంతం అంటుకుపోయింది. అప్పటికే చక్రపాణి అనువాదాలతో శరత్ తెలుగిళ్లలో మనవాడైపోయాడు కాబట్టి, ప్రేక్షకుడికి ఇది పరాయి కథ అనిపించలేదు.

ఆ తర్వాత వరుసే. ఉత్తమ్ కుమార్, సుచిత్రా సేన్‌ల 'అగ్నిపరీక్ష' 1959లో 'మాంగల్యబలం' అయింది. 'దీప్ జ్వేలే జాయ్' మరుసటి ఏడాదికే 'చివరకు మిగిలేది'గా మారి, సావిత్రికి గొప్ప పాత్రను ఇచ్చింది. 'సాగరిక' 1962లో 'ఆరాధన'గా వచ్చింది. మద్రాసులో నిర్మాతలు కథ వెతుక్కోవాలంటే మొదట చూసింది కలకత్తా వైపే.

చెరకు నేల, నైజాం ఏరియా

ఈ రీమేకులకు ముందునుంచే ఇందూరు, అంటే నిజామాబాద్ జిల్లా, రూపం మారుతోంది. మంజీర మీద నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. నీళ్లొచ్చాక చెరకు వచ్చింది, చెరకు వెంట 1937లో బోధన్‌కు నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ శక్కర్‌నగర్ లేచింది. కోస్తా జిల్లాల రైతులు వచ్చి బోధన్, వర్ని ప్రాంతాల్లో భూములు కొని క్యాంపులు కట్టుకున్నారు. తెలంగాణ తెలుగు, కోస్తా తెలుగు, ఉర్దూ, సరిహద్దు దాటి వచ్చే మరాఠీ, నాలుగూ ఒకే అంగట్లో వినిపించే నేల ఇది. ఇక్కడ ఒక సినిమా ఆడాలంటే ఈ నలుగురిలో కనీసం ఇద్దరికైనా నచ్చాలి.

సినిమా వ్యాపారం ఈ నేలను నైజాం ఏరియా అంటుంది. 1948లో నిజాం రాజ్యం పోయింది, 1956లో హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. డిస్ట్రిబ్యూటర్ల లెక్కలో మాత్రం ఆ పేరు చెక్కుచెదరలేదు. బొంబాయి వాళ్ల నైజాంలో ఇప్పటికీ మరాఠ్వాడా కూడా కలిసే ఉంటుంది. డిస్ట్రిబ్యూటర్ పని పైకి తేలిగ్గా కనిపిస్తుంది. సినిమా విడుదలకు ముందే అడ్వాన్సు కట్టి ఏరియా హక్కులు కొనాలి. థియేటర్ అద్దె, పన్నులు పోగా మిగిలిన షేర్‌తో ఆ అడ్వాన్సు తిరిగి రావాలి. శుక్రవారం మ్యాట్నీకి హాలు నిండితే ఎవరూ సంబరపడరు. సోమవారం ఫస్ట్ షోకు ఆడవాళ్లు పిల్లలతో వచ్చారా లేదా అన్నదే అసలు పరీక్ష.

దిల్ రాజు ఈ బడిలోనే చదువుకున్నాడు. డిస్ట్రిబ్యూటర్‌గా చేతులు కాల్చుకుని, నిలదొక్కుకుని, 2003లో 'దిల్'తో నిర్మాత అయ్యాడు. వెంకటరమణారెడ్డి అనే అసలు పేరును ఆ సినిమా పేరే మింగేసింది. అందులో హీరో నితిన్ పుట్టింది నిజామాబాద్‌లో, నితిన్ తండ్రి సుధాకర్ రెడ్డిదీ నైజాం డిస్ట్రిబ్యూషనే. మరుసటి ఏడాది 'ఆర్య'తో సుకుమార్‌ను, 2006లో 'బొమ్మరిల్లు'తో భాస్కర్‌ను దర్శకులను చేశాడు రాజు. సోమవారం హాలును ఎరిగినవాడు కాబట్టే, ఫైట్ల కన్నా తండ్రీకొడుకుల తగువు మీద అంత డబ్బు పెట్టగలిగాడు.

కలకత్తాలో కరువు

అక్కడ బెంగాలీ సినిమాకు గడ్డుకాలం అప్పటికే ముదిరింది. 1947 విభజనతో తూర్పు బెంగాల్ వేరే దేశంలో పడింది. 1965 యుద్ధంతో పాకిస్తాన్ భారతీయ సినిమాలను ఆపేయడంతో ఆ మార్కెట్ పూర్తిగా మూసుకుపోయింది. 1980 జూలైలో ఉత్తమ్ కుమార్ పోయాడు. చదువుకున్న పట్నం జనం ఇంట్లో టీవీకి అతుక్కుపోతే, జిల్లాల్లోని హాళ్లు మిగిలాయి. వాటికి కావలసింది పాట, ఏడుపు, నవ్వు, దెబ్బలాట, అన్నీ కలిసిన మూడు గంటలు.

2002లో 'సాథీ' ఆ దారి చూపించింది. అది తమిళ కథ, అదే మనకు 'నువ్వు వస్తావని'. అందులో హీరో జీత్ అంతకుముందు 'చందు' అనే తెలుగు సినిమాతోనే తెరకెక్కాడు. 'సాథీ'ని తీసింది శ్రీ వెంకటేశ్ ఫిల్మ్స్. కలకత్తా సంస్థ పేరులోనూ, మన రాజు బ్యానర్ పేరులోనూ ఉన్న దేవుడు ఒకడే కావడం ఈ కథలో ఒక ముచ్చట.

ఇక తెలుగు కథల వరద. 'నువ్వొస్తానంటే నేనొద్దంటానా' 2007లో 'ఐ లవ్ యూ' అయి హీరో దేవ్‌ను నిలబెట్టింది. 'బన్నీ' 2009లో 'ఛాలెంజ్'గా, 'ఢీ' 2012లో 'ఖోకాబాబు'గా, 'బిజినెస్‌మేన్' 2013లో 'బాస్'గా వెళ్లాయి. అన్నిటికన్నా చిత్రం 2011 నాటి 'పాగ్లూ'. దాని మూలం రామ్, ఇలియానాల 2006 సినిమా. ఆ సినిమా పేరు 'దేవదాసు'. శరత్ దగ్గర తెచ్చుకున్న పేరుతో మనవాళ్లు ఒక మాస్ మసాలా వండితే, దాన్ని బెంగాలీలు డబ్బిచ్చి కొనుక్కున్నారు.

ఈ రీమేకులను కలకత్తా విమర్శకులు కాపీ అని ఈసడించారు. ఆ కోపంలో న్యాయం ఉంది. కానీ హాళ్లకు తాళాలు పడుతున్న రోజుల్లో జనాన్ని మళ్లీ టికెట్ కిటికీ దగ్గరికి తెచ్చినవి అవే. బర్ధమాన్ ప్రేక్షకుడికీ బోధన్ ప్రేక్షకుడికీ భాష వేరు, ఇంటి పోరు ఒకటే.

సొంత మన్ను

వరద తగ్గడానికి కారణం కూడా మన సినిమాలే. హిందీ డబ్బింగులు టీవీలో, యూట్యూబ్‌లో రోజంతా తిరగడం మొదలయ్యాక, అసలుది చూసేసిన కథకు టికెట్ కొనేవాడు తగ్గాడు. చివరికి 2024 డిసెంబర్ 5న సుకుమార్ 'పుష్ప 2' నేరుగా బెంగాలీ గొంతుతోనే దిగింది.

ఈలోగా ఇందూరు కూడా మరో పాఠం నేర్చుకుంది. 2017లో దిల్ రాజు తీసిన 'ఫిదా' బాన్సువాడ పిల్ల యాసను అలాగే తెర మీద ఉంచింది. 2023లో 'బలగం' తెలంగాణ పల్లెలోని చావింటిని, పక్షి ముట్టుడును చూపించింది. రీమేకుకు అంత తేలిగ్గా లొంగని సరుకులు ఇవి, అయినా రెండూ ఆడాయి. బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడి చెరకు రైతు దిక్కులు చూస్తున్న కాలంలో, ఆ పక్క ఊరి యాస సినిమాకు పెట్టుబడి అయింది.

బెంగాల్‌దీ అదే తోవ. 'పుష్ప 2' వచ్చిన రెండు వారాలకు, 2024 డిసెంబర్ 20న 'ఖాదాన్' విడుదలైంది. దామోదర్ లోయ బొగ్గు గనుల కథ. హీరో, నిర్మాతల్లో ఒకడు దేవ్, అంటే తెలుగు కథతో నిలబడినవాడే. సినిమా పెద్ద హిట్టయింది. అరువు కథ హాలు తలుపు తెరిపిస్తుంది, అది తక్కువ పనేమీ కాదు. ఆ తలుపు తెరిచే ఉండాలంటే మాత్రం బొగ్గో చెరకో, కాళ్ల కింది నేలను తవ్వుకోవలసిందే. నర్సింగ్‌పల్లి నిర్మాతకూ కలకత్తా హీరోకూ చివరికి దక్కిన లెక్క ఇది.