సహదేవి (గరిటికమ్మ)

సహదేవి చామంతి, పొద్దుతిరుగుడుల కుటుంబమైన ఆస్టరేసికి చెందిన అడవి మొక్క. తెలుగులో గరిటికమ్మ అనే పేరూ ఉంది. శాస్త్రీయ నామం సయాంతిలియం సినేరియం. ఉష్ణమండల ఆసియా, ఆఫ్రికాలు దీని పుట్టిల్లు. పొలం గట్ల మీద, బీళ్లలో, బాటల పక్కన ఎవరూ విత్తకుండానే మొలుస్తుంది. కాడ మీద బూడిదరంగు నూగు, కొసన వంగపండు రంగు చిన్న పూలు. చామంతికి ఉన్నట్టు చుట్టూ రేకులుండవు. గొట్టాల్లాంటి చిరుపూలు కొన్ని ఒక్కచోట కూడి ఒకే పువ్వులా కనిపిస్తాయి. గింజకుండే తెల్లని కుచ్చు వల్ల అది గాలికి ఎగిరి దూరాలకు పోతుంది. అమెరికా ఉష్ణప్రాంతాల్లోనూ, పసిఫిక్ దీవుల్లోనూ ఇప్పుడిది కలుపు.

డచ్చి అధికారి వాన్ రీడె మలబారు వైద్యుడు ఇట్టి అచ్యుతన్ వంటివారి సాయంతో కూర్చగా 1678-1693 మధ్య వెలువడిన 12 సంపుటాల 'హోర్టస్ మలబారికస్'లో దీని మలయాళ పేరు, బొమ్మ ఉన్నాయి. కేరళ వారు దశపుష్పాలని పిలిచే పది మొక్కల్లో నేటికీ ఇదొకటి. లిన్నేయస్ 1753లో దీన్ని కోనైజా ప్రజాతిలో చేర్చాడు. 1829లో వృక్షశాస్త్రజ్ఞుడు లెస్సింగ్ వెర్నోనియాలోకి మార్చాడు. ఆ పేరే మన వృక్షశాస్త్ర గ్రంథాల్లో ఒకటిన్నర శతాబ్దం నిలిచింది. వెర్నోనియా మరీ పెద్ద గంపగుత్త ప్రజాతి కావడంతో, 1990లో హెరాల్డ్ రాబిన్సన్ ఈ మొక్కను విడదీసి, 1826లో బ్లూమ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఏర్పరచిన సయాంతిలియం ప్రజాతిలో ఉంచాడు.

పేరు విషయంలో అంతకన్నా పెద్ద చిక్కు ఆయుర్వేదంలో ఉంది. 16వ శతాబ్దపు భావప్రకాశం పసుపు పూల మహాబలకు సహదేవి అనే పేరు చెబుతుంది. అది బెండ, పత్తి కుటుంబపు మొక్క. ఈ వంగపండు రంగు పూల మొక్కతో దానికి చుట్టరికం లేదు. కాబట్టి పాత గ్రంథంలో సహదేవి అని కనిపించిన ప్రతిచోటా ఈ మొక్కనే అనుకోవడం పొరపాటు. మందు తయారీలో ఇది చిన్న విషయం కాదు. పూల రంగు, ఆకు చూసి తేల్చుకోవలసిందే. జ్వరానికి గరిటికమ్మ కషాయం వాడటం మాత్రం దక్షిణాదిన నాటువైద్యంలో బాగా పాతుకున్న అలవాటు.

ఆధునిక వైద్యంలో దీనికి గట్టి గుర్తింపు దక్కింది థాయిలాండ్‌లో. అక్కడ పొగతాగడం మానాలనుకునేవారికి దీన్ని ఇస్తారు. జాతీయ అత్యావశ్యక ఔషధాల జాబితాలోనూ చేర్చారు. మొక్కలోని నైట్రేట్ లవణాలు నాలుకను కాసేపు మొద్దుబారుస్తాయని, దాంతో సిగరెట్టు రుచించదని అక్కడి వైద్యుల వివరణ. స్వల్పంగా నికోటిన్ కూడా ఇందులో ఉన్నట్టు పరిశోధనల్లో తేలింది.