పాపవిముక్తి (క్రైస్తవ సిద్ధాంతం)

క్రైస్తవ విశ్వాసంలో రక్షణ అంటే శిక్ష తప్పించుకోవడం ఒక్కటే కాదు, పాపపు ఏలుబడి నుంచి విడుదల కూడా. పౌలు రోమీయులకు రాసిన పత్రిక ఇందుకు ప్రధాన ఆధారం. కృప ఉచితమైతే పాపం చేస్తూనే ఉండవచ్చుగా అన్న ఆక్షేపణను ఆరో అధ్యాయంలో ఆయనే లేవనెత్తి, బాప్తిస్మంలో క్రీస్తుతోపాటు చనిపోయినవారు ఇక పాపానికి దాసులు కారని బదులిచ్చాడు. వాదం అక్కడితో ఆగలేదు. విశ్వాసం ద్వారానే దేవుడు మనిషిని నీతిమంతుడిగా ఎంచుతాడని పదహారో శతాబ్దపు సంస్కర్త మార్టిన్ లూథర్ బోధించగా, కృపతో మనిషి సహకరించాలని 1547లో కాథలిక్ చర్చి ట్రెంట్ మహాసభ ప్రకటించింది. లూథర్ సత్క్రియలను కాదన్నాడనుకోవడం సరికాదు. అవి రక్షణకు వెల కావు, ఫలమన్నదే ఆయన వాదం. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కులు, లూథరన్లు ఈ అంశంపై సంతకం చేసిన ఉమ్మడి ప్రకటన మూలాంశాల్లో ఏకాభిప్రాయం తెలిపింది. అయితే విశ్వాసి ఏకకాలంలో నీతిమంతుడూ పాపీ అన్న లూథరన్ మాటపై తేడా పూర్తిగా తొలగలేదు.