తోడేలును గొఱ్ఱెలకాపరియు

దయ సర్వధర్మములకు మూలమని మనము బాల్యము నుండియు వినుచున్నాము. మన బిడ్డలకును చెప్పుచున్నాము. అందు సందేహింపదగిన దేమియు లేదు. అయినను దయ చూపుటకు కొంత వ్యయమగును. ఆ వ్యయము నెవరు భరించుచున్నారను ప్రశ్నను మాత్రము మనము తఱచుగా నడుగము. మృగములను గూర్చిన మన దయకు వెల చెల్లించుచున్న వారెవరో విచారించుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

2022వ సంవత్సరము మే నెల కడపట కాకినాడ జిల్లా ప్రత్తిపాడు ప్రాంతమున నొక పెద్దపులి కనబడెను. అటవీశాఖవారు బోనులు పెట్టిరి. దాని జాడ తెలియుటకై చెట్లకు ఛాయాచిత్ర యంత్రములు కట్టిరి. అది బోనులకు చిక్కక, పశువులను చంపుచు, కొండలవెంట నడచి, ఆ యేడు ఏప్రిలు 4వ తేదీన నూతనముగా నేర్పడిన మా అనకాపల్లి జిల్లాలో ప్రవేశించెను. చెఱకుతోటల నడుమనున్న పల్లెలవారు ప్రొద్దుగ్రుంకిన పిమ్మట పొలము పోవుటకు వెఱచిరి. కొన్నాళ్లకు పులి యుత్తరముగా విజయనగరము జిల్లావైపు సాగిపోయెను. ఆ దినములలో పులి యడుగుజాడలను గూర్చియు, దాని నడకను గూర్చియు మాటలాడినవారు పెక్కండ్రు. దూడ పోయినవాని యిల్లెట్లు గడచునని యడిగినవారు మిక్కిలి తక్కువ.

మా ప్రాంతమునకు పులి వచ్చుట యరుదు. తెలుగుదేశమున మందలు మేపువారికి తరతరములుగా వైరియైన మృగము పులి కాదు, తోడేలు. తోడేలు కీకారణ్యముల నుండునని పట్టణవాసులు తలతురు. అది సరికాదు. మన దేశపు తోడేలు గడ్డిబీళ్లను, ముండ్లపొదలను, మెట్టచేలను కోరును. అందుచేత మా తూర్పుకొండలకన్న రాయలసీమ, తెలంగాణముల మెట్టభూములే దానికి నెలవులు. అది సుమారు 20 కిలోల బరువు మాత్రమే యుండు మృగము. పులివలె బలము గలది కాదు. దాని బలమంతయు నోర్పునందును, తోడివారితో కూడి వేటాడుటయందును గలదు.

గొల్లలును కురుమలును మేపుకొను గొఱ్ఱెలకును ఆ బీళ్లే యాధారము. పంట కోసిన చేలలో రాత్రులందు మందను నిలుపుటకై రైతు కాపరికి ధాన్యమో రొక్కమో యిచ్చుట మన దేశమున ననాదిగా వచ్చుచున్న వాడుక. మంద నిలిచిన చేనికి పెంటికలును మూత్రమును ఎరువగును. కాపరికి నాలుగు గింజలు గిట్టునవి యా రాత్రులే. తోడేలు పొంచియుండునవియు నా రాత్రులే. పోయినది యొక గొఱ్ఱెయే కదా యని మనమందుము. బెదరిన మంద చెదరును. చూడిగొఱ్ఱెలు ఈచుకొనిపోవుటయు గలదు. పొదుపుసొమ్ము దాచుకొనుటకు వేఱొక చోటు లేని యింట గొఱ్ఱెయే నిధి. బిడ్డ చదువునకును, ఇల్లాలి వైద్యమునకును, అప్పు వాయిదాకును అమ్మవలసినది దానినే.

ఈ కలహము నేటిది కాదు. ఋగ్వేదమందలి మొదటి మండలమున అశ్వినీదేవతలను కీర్తించు సూక్తములలో ఋజ్రాశ్వుడను యువకుని వృత్తాంతము కలదు. అతడొక యాడుతోడేలు నాకలి తీర్చుటకై నూఱు గొఱ్ఱెలను కోసి పెట్టెను. తండ్రి యాగ్రహించి వానిని అంధుని చేసెను. అపుడా యాడుతోడేలు అతని పక్షమున అశ్వినులకు మొఱపెట్టుకొనగా వారు వానికి మరల చూపు ననుగ్రహించిరి. ఇంత పురాతనమైన కాలముననే మృగముపై దయయు, మందపై మమకారమును ఒకయింటనే తండ్రికిని కొడుకునకును నడుమ తగవు పెట్టినవి.

ఈ కథలో మేము గమనింపగోరునది యొకటి కలదు. వ్యాఖ్యాతయగు సాయణాచార్యులవారు ఆ గొఱ్ఱెలు పౌరుల సొత్తని వ్రాసిరి. ఋజ్రాశ్వుని హృదయము మంచిదే. కాని గొఱ్ఱెలు వానివి కావు. తండ్రి విధించిన శిక్ష క్రూరమే. కాని సొమ్ము పోయినవారి గోడు నసత్యము కాదు. దేవతలు కొడుకునకు చూపు నిచ్చిరి. గొఱ్ఱెలు పోయినవారికి గొఱ్ఱెలు తిరిగి వచ్చినవని మాత్రము ఆ సూక్తములలో నెచ్చటను లేదు. ఆ లోపమును మనుష్యులు నేటివఱకును పూరింపలేదు.

సంస్కృత హరివంశమునందు మఱియొక ప్రసంగము కలదు. వ్రజమున గడ్డి తఱిగినది, చెట్లు నరకబడినవి, గోవులకు మేతలేదు. గొల్లలను బృందావనమునకు తరలింపగోరి శ్రీకృష్ణుడు తన రోమములనుండి తోడేళ్లను పుట్టించెను. అవి దూడలను పీడింపగా గొల్లలు బండ్లు కట్టుకొని తరలిరి. కథలోని యద్భుతము నటుంచి దానిలోని లోకజ్ఞానమును చూడుడు. బీడు క్షీణించిన తరువాతనే తోడేలు మందపై పడినది. కుందేళ్లకును జింకలకును మేత యున్నచో తోడేలునకును ఆహారముండును. అవి లేనిచోట దానికి మిగిలినది మన మందయే.

ఇక ఆంగ్లేయ ప్రభుత్వ కాలమునకు వత్తము. వన్యమృగములను నిర్మూలించుట నాగరకతయని యానాటి పాలకుల విశ్వాసము. సాగు విస్తరించిన శిస్తు పెరుగును. మృగములు సాగునకు విఘ్నము. అందుచేత చంపినవారికి బహుమానములు ప్రకటించిరి. క్రీ. శ. 1875 మొదలు 1925 వఱకు గల యేబది యేండ్లలో నిట్లు చంపబడిన మృగముల సంఖ్యను చరిత్రకారులగు మహేశ్ రంగరాజన్ గారు సర్కారు లెక్కలనుండి కూర్చి చూపిరి: పులులు 80,000కు పైగా; చిఱుతలు 1,50,000కు పైగా; తోడేళ్లు 2,00,000. ఇందులకు కారణమే లేదని మేమనము. ఉత్తరదేశమున తోడేళ్లు పసిబిడ్డల నెత్తుకొనిపోవుట నిజము. 2024వ సంవత్సరమున సంయుక్త రాష్ట్రముల ప్రాంతమని మన పెద్దలెఱిగిన యుత్తర ప్రదేశమున, బహరాయిచ్ జిల్లాలో, పలువురు పసివా రట్లే మరణించిరి. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి మృగదయను బోధించుట దయ కాదు.

అయినను ఆ కాలపు న్యాయమున నొక వింత కలదు. చెన్నపురి రాజధానిలో 1879వ సంవత్సరమున నీలగిరులయందలి వేటమృగములను, చేపలను కాపాడుటకై శాసనము చేసిరి. ఆ కొండలలోనే రేచుకుక్కలను చంపినవారికి బహుమానము లిచ్చుచుండిరి. ఏల యనగా, అవి దొరల తుపాకికి చెందవలసిన కణుజులను, దుప్పులను తినుచుండెను. అనగా మృగము చంపదగినదా, కాపాడదగినదా యను తీర్పు దాని స్వభావమునుబట్టి గాక, అది యెవరి సొమ్మునకు నష్టము కలిగించినదను దానినిబట్టి జరిగినది. వేట వినోదమునకు శాసనము దొరకినది. కాపరికి దొరకినది తోడేలు తోలునకు వచ్చు కొద్ది రూపాయలు మాత్రమే. చచ్చిన గొఱ్ఱెకు వెలకట్టి యిచ్చు నాలోచన యా బహుమాన పద్ధతిలో లేదు.

తోడేళ్లను నిశ్శేషముగా చంపిన దేశముల కేమి లాభము కలిగినదో చూతము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1872వ సంవత్సరమున నేర్పడిన యెల్లోస్టోన్ ఉద్యానవనమున 1926 నాటికి తోడేలు లేకుండ చేసిరి. ఎల్కులను పెద్దదుప్పులు విస్తరించి లేతచెట్ల చిగుళ్లను మేసివేసెను. వానిని తగ్గించుట యుద్యోగుల పనియైనది. కడకు 1995, 1996 సంవత్సరములలో కెనడానుండి 31 తోడేళ్లను తెచ్చి విడిచిరి. పశువుల యజమానులు తీవ్రముగా నెదిరించిరి. కాని యంతకుముందే, 1987 మొదలు, మృగములను ప్రేమించు నొక ప్రజాసంఘమువారు చందాలు కూర్చి, తోడేళ్లవలన పశువులు పోయినవారికి సొమ్ము చెల్లింప నారంభించిరి. తోడేలు బ్రదుకవలెనని కోరినవారే దాని భోజనమునకు వెల యిచ్చిరి. ఋజ్రాశ్వుని కథలో లోపించినది యిదియే. తగవంతయు దీనితో తీరలేదు. కాని దయ చూపువారు దాని వ్యయమునందు పాలుగొనుట న్యాయమని లోకమునకు తెలిసినది.

మన యాంధ్రదేశమున నిట్టి పాఠమే కర్నూలు సీమలోని రోళ్లపాడునం దున్నది. బట్టమేకపిట్టను కాపాడుటకై 1988వ సంవత్సరమున నచ్చట గడ్డిబీటిని సంరక్షణస్థానముగ చేసిరి. గడ్డి పెరుగగా కృష్ణజింకలు వృద్ధిపొందినవి. అవి చుట్టుపట్ల చేలను మేయసాగెను. ఆ జింకలను తిని వాని సంఖ్యను కొంత యదుపులో నుంచగల తోడేలు గొఱ్ఱెలనుకూడ తినుటచే కాపరికి పగయైనది. రైతునకు జింక శత్రువు. జింకకు తోడేలు శత్రువు. తోడేలునకు కాపరి శత్రువు. ఈ గొలుసులో నొక్క కడియమును విఱిచినచో కష్టము తీరదు. ఒకరి భుజమునుండి మఱియొకరి భుజమునకు మాఱును. చెఱకుపొలములను అడవిపందులు త్రవ్విపోవు మా సీమ రైతులకు దీనిని వేఱుగ చెప్పనక్కఱలేదు. పందులను తినెడి మృగములు తఱిగినపుడు పందుల బెడద పెరుగుట వింత గాదు.

1972వ సంవత్సరమున వన్యప్రాణి సంరక్షణ శాసనము పుట్టినది. తోడేలు నేడు దాని మొదటి పట్టికలో నున్నది. దానిని చంపినవానికి మూడేండ్లకు తక్కువ గాని కారాగారవాసము విధింపబడును. తాతకు బహుమానము తెచ్చిన పని మనుమనికి సంకెలలు తెచ్చుచున్నది. శాసనము మంచిదే, అది రాకున్నచో తోడేలు మిగులునో లేదో. నేటికి దేశమంతట సుమారు మూడువేలు మాత్రమే యుండునని శాస్త్రజ్ఞులు గణించుచున్నారు. అవి పులులకన్నను తక్కువ. అయినను పాలకులు చంపుమన్ననాడును, చంపవలదన్ననాడును, గొఱ్ఱె పోయినది కాపరిదే. నూఱేండ్ల రాజ్యతంత్రము తలక్రిందులైనను వాని పద్దు మాత్రము మాఱలేదు. దిక్కుతోచనివాడు తోడేలు బొరియకు పొగపెట్టును. చచ్చిన గొఱ్ఱె కళేబరమున విషము కలుపును. వానిని క్రూరుడని నిందించుటకు ముందు, వాని నష్టములో మన పాలెంతయో లెక్కించుకొనుట యుచితము.

కావున చేయవలసిన దేమి? మొదటిది, పరిహారము. పశువు పోయినవారికి సొమ్మిచ్చు నియమములు కలవు. కాని నియమముండుటయు, సొమ్ము చేరుటయు నొకటి కాదు. ఊరూర తిరుగు కాపరి, చదువురానివాడు, కళేబరమును చెడకుండ నిలిపి, ఉద్యోగిని పిలిపించి, కాగితములు కూర్చి, కచేరీ చుట్టు తిరుగునంతలో నాలుగు దినముల మేత పోవును. ఆ గ్రామముననే, వారము లోపల, నిజమైన వెల చేతికి వచ్చునట్లు చేయుట సర్కారునకు భారము కాదు. చదువుకొన్న గృహస్థులు వాని పక్షమున నొక యర్జీ వ్రాసిపెట్టుటయు చిన్న యుపకారము కాదు.

రెండవది, బీడు. శిస్తు రాని భూమిని బంజరని దస్తరములలో వ్రాయుట మనకు వాడుకయైనది. ఆ బంజరే కాపరికి జీవనము, జింకకు మేత, తోడేలునకు నిలయము. దానిని దున్నివేసిన కొలదియు, కంచెలు వేసిన కొలదియు, కాపరియు తోడేలును ఒకే మూలకు తఱుమబడి యొండొరులపై పడుచున్నారు. నిజము విచారించినచో నిరువురును ఒకే నష్టమును పొందుచున్నవారు.

మూడవది, మన వీధికుక్కలు. మన పెరటి యెంగిలితో పెరిగి, ఊరి వెలుపల గుంపులు కట్టి గొఱ్ఱెలను చంపు కుక్కల దోషము పలుమాఱు తోడేలుపై పడుచున్నది. అవి తోడేళ్లకు రోగములంటించును. వానితో సంకరమగుటయు మహారాష్ట్రమున పుణె ప్రాంతమున రుజువైనది. ఎంగిలిని వీధిలో పాఱవేయకుండుట, పెంచిన కుక్కను దిక్కులేక విడువకుండుట యను రెండు కార్యములు మన గృహిణుల చేతులలో నున్నవి. ఇల్లు చక్కబెట్టుటయే యింత దూరమున నున్న మందకు మేలు చేయుట.

గొంగళి కప్పుకొన్నవారము, పాలు త్రాగినవారము, మంద నిలిపిన చేని గింజలు తిన్నవారము మనమే. తోడేలు జీవింపవలెనని కోరువారమును మనమే. ఆ కోరిక యుత్తమమైనది. దానిని మానుకొనుమని మేమనము. దాని వెలలో మన వంతు మనము చెల్లింతము. పొరుగువాని దొడ్డిలోని గొఱ్ఱెతో మనము పుణ్యము కట్టుకొనుట యింతటితో చాలును.