చదువు - సుఖము : గ్రీకుల ఆలోచన

మనిషికి నిజమైన సుఖం ఎందులో ఉంది? ఈ ప్రశ్నను చదువుతో ముడిపెట్టి ఆలోచించిన వారిలో ప్రాచీన గ్రీకులు ముఖ్యులు.

క్రీ.పూ. 384లో స్టాగిరాలో జన్మించిన అరిస్టాటిల్ పదిహేడో ఏట ఏథెన్సు వచ్చి, ప్లేటో నడిపే అకాడమీలో చేరి ఇరవై ఏళ్లు ఉన్నాడు. క్రీ.పూ. 335 ప్రాంతంలో లైసియం అనే విద్యాలయం పెట్టాడు. గ్రీకులు 'యూడైమోనియా' అనే సుఖం ఆయన దృష్టిలో డబ్బూ కాదు, పేరూ కాదు, ఒక పూట సంబరమూ కాదు. బ్రతుకంతా బుద్ధినీ సద్గుణాన్నీ ఆచరణలో పెట్టడమే సుఖం. వాయించగా వాయించగా వాద్యం వచ్చినట్లే, న్యాయమైన పనులు చేయగా చేయగా మనిషి న్యాయవంతుడౌతాడు. కనుక చిన్ననాటి అలవాట్లే చదువుకు పునాది. ఆ చదువు ఇంటికో తీరుగా కాక, పౌరులందరికీ ఒకే తీరుగా రాజ్యమే చెప్పించాలని 'పాలిటిక్స్' గ్రంథంలో వాదించాడు.

అయితే ఒక సంగతి మనం దాచుకోరాదు. ఆ పౌరులలో బానిసలు లేరు. స్త్రీలు పురుషుల ఏలుబడిలో ఉండవలసినవారే అన్నాడాయన. గురువు ప్లేటో మాత్రం, రాజ్యరక్షణకు తగిన ఆడవాళ్లకూ మగవాళ్లతో సమానంగా సంగీతమూ వ్యాయామమూ నేర్పాలని 'రిపబ్లిక్'లో చెప్పాడు. లాస్థీనియా, ఆక్సియోథియా అనే ఇద్దరు స్త్రీలు అకాడమీలో చదివారని పూర్వులు వ్రాసిపెట్టారు.

సుఖం ఆచరణతో వచ్చేదే అయితే, ఆ ఆచరణ నేర్చుకునే అవకాశం అందరికీ ఉండవద్దూ? అబ్బాయికి చెప్పించే చదువు అమ్మాయికీ చెప్పిస్తున్నామా అని ప్రతి ఇంటా మనమే ప్రశ్నించుకుందాం.