ఖూలంజ్: ఇబ్న్ సీనా వ్రాసిన వ్యాధి, ఇబ్న్ సీనాను తీసుకుపోయిన వ్యాధి

అరబీ వైద్యగ్రంథాలను తెనుగు చేయబూనినవారిని ఇబ్బందిపెట్టే పదాలలో 'ఖూలంజ్' ఒకటి. 'మలబద్ధకం' అంటే చాలదు. 'కడుపునొప్పి' అంటే హద్దు మీరుతుంది. పెద్దప్రేగుకు గ్రీకులు పెట్టిన పేరునుండి పుట్టిన మాట ఇది. ప్రేగులో అడ్డు ఏర్పడి, మలమూ వాయువూ వెలికిరాక, పొత్తికడుపులో మెలిపెట్టే నొప్పి కలిగితే అది ఖూలంజ్. నొప్పి లేని వట్టి బద్ధకాన్ని మన హకీములు 'ఖబ్జ్' అంటారు. ఈ భేదం నిఘంటువుకు సంబంధించినది మాత్రమే కాదు, చికిత్స దానిపైనే ఆధారపడి వుంది.

ఖూలంజ్‌పై ప్రత్యేక గ్రంథం వ్రాసినవారిలో రయ్ నగరవాసి అబూబక్ర్ రాజీ (865-925) ముఖ్యులు. ఆయన బృహద్గ్రంథం 'అల్‌హావీ' అరబీ మూలం 1955 నుండి సంపుటాలుగా అచ్చయినది మన హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫ్‌లోనే. ఈ సంగతి హైదరాబాదీలకే అంతగా తెలియదు. ఇక ఇబ్న్ సీనా (980-1037) ఫర్దజాన్ కోటలో నాలుగు నెలలు ఖైదులో ఉన్నప్పుడు ఇదే వ్యాధిపై ఒక గ్రంథం వ్రాశారని శిష్యుడు జూజ్జానీ తెలిపారు.

'అల్‌ఖానూన్'లో ఇబ్న్ సీనా ఈ నొప్పిని మూత్రపిండాల రాతినొప్పినుండి వేరుచేసి చూపారు. ఖూలంజ్ కింద కుడివైపున మొదలై పైకీ ఎడమకూ ప్రాకుతుంది. రాతినొప్పి పైన వీపు దిక్కున పుట్టి కొద్దికొద్దిగా దిగుతుంది. మందు ఇచ్చేముందు నొప్పి ఎక్కడ పుట్టిందో అడగాలన్నది వారి పద్ధతి.

అటువంటి వైద్యుడే తన విషయంలో తొందరపడ్డారు. అలాఉద్దౌలా సైన్యంతో ప్రయాణంలో ఉండగా ఖూలంజ్ పట్టుకుంది. సైన్యం వెనుదిరిగితే జబ్బుతో తాను వెనుకబడిపోతానేమోనన్న భయంతో ఒకే రోజు ఎనిమిదిసార్లు హుఖ్నా, అంటే ఎనిమా, చేసుకున్నారు. ప్రేగులు పుండ్లుపడ్డాయి. వాయువు హరించడానికి హుఖ్నాలో రెండు దానఖుల కరఫ్స్ గింజలు కలపమంటే, పరిచర్య చేసే వైద్యుడు ఐదు దిర్హముల ఎత్తు వేశాడు. దిర్హముకు ఆరు దానఖులు గనుక, అది పదిహేను రెట్లు! కావాలని చేశాడో పొరపాటో తనకు తెలియదని జూజ్జానీ నిజాయితీగా వ్రాశారు. కొంతకాలం తేరుకున్నా పథ్యం పాటించలేదు. హమదాన్ దారిలో వ్యాధి తిరగబెట్టింది. ఇక చికిత్స మానేసి, హిజ్రీ 428లో అక్కడే కన్నుమూశారు.

ఈ వృత్తాంతం నాకు మా విశ్వవిద్యాలయపు హాస్టలును గుర్తుచేస్తుంది. వేళకాని భోజనం, మైదా రొట్టెలు, చాలని నీరు, పరీక్షల రాత్రుల్లో నిద్రలేమి, వరుసలో నిలబడలేక ఆపుకున్న విసర్జన. ఇరవై ఏళ్ళ వయసులో ఖబ్జ్ తెచ్చుకునే మార్గాలివే. యునానీ వైద్యం ఆరోగ్యానికి చెప్పిన ఆరు మూలావసరాలలో ఆహారపానీయాలు, నిద్రామెలకువలతోపాటు విసర్జన-నిరోధం కూడా ఒకటి. నేటి వైద్యులూ ముందు చెప్పేది పీచుపదార్థం, నీరు, నడక, వేగాన్ని ఆపుకోకపోవడమే. అవి చాలకపోతేనే మందు. అరబ్బు వైద్యులు ప్రచారంలోకి తెచ్చిన సనా, మన సునాముఖి, నేటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో ఉంది. అయితే అది ఖబ్జ్‌కు మందు, కారణం తెలియని నొప్పికి కాదు.

మా గదిలోని మిత్రునికి ఒక రాత్రి బొడ్డు చుట్టూ నొప్పి మొదలై తెల్లవారేసరికి కుడి పొత్తికడుపులోకి దిగింది. వాంతులు, జ్వరం. రెండు రోజులుగా విరేచనం కాలేదన్నాడు. ఎవరో జులాబు ఇవ్వమన్నారు. ఇచ్చాం కూడా. సాయంత్రం ఆసుపత్రిలో కడుపు కోసి చూస్తే అపెండిక్సు అప్పటికే పగిలివుంది. ఇటువంటి నొప్పికి జులాబు ఇవ్వకూడదని డాక్టరు మమ్మల్ని వరండాలో నిలబెట్టి చీవాట్లు పెట్టాడు. నొప్పి ఎక్కడ పుట్టి ఎక్కడికి పోయిందని మాలో ఒక్కడూ అడగలేదు. ఆ సంవత్సరం నా బల్లమీద 'అల్‌ఖానూన్' ఉండనే ఉంది. మిత్రుడు మూడు వారాలకు లేచి తిరిగాడు, పరీక్ష మాత్రం తప్పిపోయింది.